ఇంటి నెట్‌వర్క్‌కి కమాండ్ లైన్ కాపలా: ఎన్‌మ్యాప్, టీసీపీడంప్, రోజూ తేడా చెప్పే ఒక స్క్రిప్ట్

విశాఖలో ఏ ఫ్లాట్‌లోనైనా వైఫైకి తగిలించిన వస్తువులు లెక్కపెట్టి చూడండి. నాలుగు ఫోన్లు, రెండు లాప్‌టాప్‌లు, టీవీ, సెట్‌టాప్ బాక్స్, ప్రింటర్, గుమ్మం ముందు కెమెరా... పది దాటడం మామూలే. వీటిలో ఏది ఏ తలుపు తీసి పెట్టుకుని కూర్చుందో కనెక్షన్ ఇచ్చి వెళ్లిన కుర్రాడికీ తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు. తెలుసుకోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నాలుగు ఉచిత కమాండ్లు, పన్నెండు వరుసల స్క్రిప్ట్ చాలు.

ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లో ఎవరున్నారో, ఏ తలుపులు తెరిచి ఉన్నాయో చూసే స్కానర్)తో ఒక్కసారి స్కాన్ చేసి వచ్చిన జాబితా చూసి మురిసిపోతే లాభం లేదు. స్కాన్ అనేది ఆ నిమిషపు ఫొటో మాత్రమే. నిన్నటి ఫొటోకీ ఇవాళ్టి ఫొటోకీ తేడా ఏమిటన్నదే అసలు సమాచారం. ఈ మార్గదర్శి మొత్తం ఆ తేడా పట్టుకునే దాకా నడుస్తుంది.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో మాత్రం ఆంగ్ల అక్షరాలే కొట్టాలి. 'పెద్ద' అని చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే. '-ఎస్ఎన్' అంటే హైఫన్, దాని వెంటనే ఖాళీ లేకుండా ఎస్, ఎన్. లినక్స్‌లో చిన్న, పెద్ద అక్షరాల తేడా చాలా ముఖ్యం. చిన్న పీ ఒక పని చేస్తే పెద్ద పీ ఇంకో పని చేస్తుంది.

ముందు హద్దులు

మీ సొంత రూటర్, మీ సొంత వస్తువులు, మీ లాప్‌టాప్‌లో నడిచే వర్చువల్ మెషీన్లు (అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు). ప్రయోగాలు వీటి మీదే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ల సీసీటీవీ డీవీఆర్ మీ వైఫైలో కనిపించినా అది మీది కాదు, రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. కాలేజీ ల్యాబు, ఆఫీసు, బీచ్ రోడ్డులో కాఫీ షాపు వైఫై అన్నిటికీ ఇదే నియమం. సమాచార సాంకేతిక చట్టం 2000లో 43వ సెక్షన్ అనుమతి లేని ప్రవేశాన్ని తప్పుగా చెబుతుంది. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో, ఆరు గంటల్లోగా రిపోర్ట్ చేయాల్సిన సంఘటనల జాబితా మొదలయ్యేదే కీలక వ్యవస్థల మీద గురిపెట్టిన స్కానింగ్‌తో. నౌకాదళం, ఓడరేవు, షిప్‌యార్డు, రిఫైనరీ అన్నీ ఉన్న ఊరు మనది. సరదాకి కూడా అటువైపు చూడకండి.

ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. 'నా పబ్లిక్ ఐపీని బయటి నుంచి స్కాన్ చేస్తే తప్పేముంది' అనుకుంటారు. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ అడ్రస్ (బయటి వైపు అడ్రస్) చూడండి. తర్వాత టెర్మినల్‌లో

కర్ల్ -4 ఐఎఫ్‌కాన్ఫిగ్.ఎంఇ

అని కొట్టండి. రెండూ ఒకటే అయితే ఆ అడ్రస్ మీదే. రూటర్‌లో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రస్ ఉండి, కర్ల్ వేరేది చూపిస్తే మీరు క్యారియర్ నాట్ వెనకాల ఉన్నారు. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని మీతోపాటు ఇంకెందరో వాడుతున్నారు. దాన్ని స్కాన్ చేస్తే తగిలేది మీ రూటర్ కాదు, సర్వీస్ ఇచ్చే కంపెనీ పరికరం. అది మీ హద్దు దాటినట్టే.

బయటి సర్వర్ మీద చేయి ఆడించాలని ఉంటే ఎన్‌మ్యాప్ వాళ్లే అందుకోసం పెట్టిన స్కాన్‌మీ.ఎన్‌మ్యాప్.ఆర్గ్ ఉంది. రోజుకి రెండు మూడు సార్లు పరవాలేదు, వంద సార్లు వద్దు.

ల్యాబ్ సిద్ధం చేయడం

8 జీబీ ర్యామ్ ఉన్న ఏ లాప్‌టాప్ అయినా సరిపోతుంది. వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టి రెండు మెషీన్లు తయారు చేయండి. మొదటిది డెబియన్ లేదా ఉబుంటు లినక్స్: 2 జీబీ ర్యామ్, రెండు కోర్లు, 25 జీబీ డిస్క్. భద్రతా పరీక్షల కోసం తయారైన కాలీ లినక్స్ పెట్టుకున్నా తప్పు లేదు కానీ, నేర్చుకునేవాళ్లకి అందులోని వందల పనిముట్లు దారి తప్పిస్తాయి. రెండోది మెటాస్ప్లాయిటబుల్ 2, అంటే కావాలనే లోపాలతో తయారు చేసిన పాత లినక్స్. దానికి 512 ఎంబీ ర్యామ్ చాలు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ ఎంఎస్ఎఫ్అడ్మినే.

నెట్‌వర్క్ అడాప్టర్లు ఎలా పెట్టారన్న దాని మీదే సగం విజయం ఉంటుంది. మొదటి మెషీన్‌కి రెండు అడాప్టర్లు ఇవ్వండి: ఒకటి బ్రిడ్జ్‌డ్ (ఇంటి నెట్‌వర్క్‌లో నేరుగా కలిసేది), రెండోది హోస్ట్-ఓన్లీ (లాప్‌టాప్ లోపలే ఉండిపోయేది). మెటాస్ప్లాయిటబుల్‌కి హోస్ట్-ఓన్లీ ఒక్కటే. దాన్ని పొరపాటున కూడా బ్రిడ్జ్‌డ్‌లో పెట్టకండి. పెడితే ఇంటి వైఫైలో ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ అక్కర్లేకుండా లోపలికి దూరొచ్చు, అది ఎలాగో కింద చూస్తారు.

మొదటి మెషీన్‌లో మీ అడ్రస్ 10.0.2.15 అని కనిపిస్తే అడాప్టర్ ఇంకా నాట్‌లోనే (లాప్‌టాప్ అడ్రస్ వెనక దాక్కునే పద్ధతి) ఉన్నట్టు. అక్కడి నుంచి స్కాన్ చేస్తే ఇంటి వస్తువులు కనబడవు, కనబడినవి నమ్మదగ్గవీ కావు. విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 కూడా మామూలుగా నాట్ వెనకే ఉంటుంది కాబట్టి ఈ పనికి పనికిరాదు.

బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ వైఫై మీద అప్పుడప్పుడు మొరాయిస్తుంది. రూటర్‌కి కేబుల్ వేసుకోవడం మేలు. అయితే లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి లాంటి సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఒక సంగతి చూసుకోవాలి: ఉప్పుగాలికి ఆర్‌జే45 (కేబుల్ చివరి ప్లగ్) పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. కాబట్టి మిగతా రెండు జతల్లో ఒక పిన్ను చెడితే లింక్ తెగిపోదు, చప్పుడు చేయకుండా వేగం పడిపోతుంది, లేదా వస్తూ పోతూ ఉంటుంది. అలాంటప్పుడు స్కాన్‌లో వస్తువులు ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతాయి, మీరేమో దొంగ ఎవడో దూరాడని కంగారు పడతారు. లాప్‌టాప్ మీద నేరుగా లినక్స్ ఉంటే

సుడో ఈథ్‌టూల్ ఈఎన్‌పీ3ఎస్0

అని కొట్టి స్పీడ్ అన్న వరుస చూడండి. చివరి మాట మీ కార్డు పేరు, మీ దగ్గర వేరేగా ఉండొచ్చు. వర్చువల్ మెషీన్ లోపల ఈ కమాండ్ కొడితే మాత్రం అసలు కేబుల్ సంగతి చెప్పదు. విండోస్ వాడేవాళ్లు ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ చూడాలి. గిగాబిట్ రూటర్‌కి 100 చూపిస్తే కేబుల్ మార్చండి. ద్వారకానగర్ దుకాణాల్లో అడిగేటప్పుడు బంగారు పూత పిన్నులున్న క్యాట్6 ప్యాచ్ కార్డు అని అడగండి.

పనిముట్లు ఎక్కించడం ఒక్క వరుస:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఎన్‌మ్యాప్ ఎన్‌డిఫ్ టీసీపీడంప్ ఈథ్‌టూల్

నేనెక్కడున్నాను?

ఐపీ -బీఆర్ ఏ

అడాప్టర్ల పేర్లు, వాటి అడ్రస్‌లు పొట్టిగా కనిపిస్తాయి. 192.168.1.23/24 అని ఉంటే మీ వీధి, అంటే మీ ఇంటి నెట్‌వర్క్ పరిధి, 192.168.1.0 నుంచి 192.168.1.255 దాకా. మొత్తం 256, వస్తువులకి దొరికేవి 254. రెండో అడాప్టర్‌కి 192.168.56తో మొదలయ్యేది వస్తుంది, అది వర్చువల్‌బాక్స్ తన ప్రైవేటు వీధికి మామూలుగా ఇచ్చుకునే నంబరు. ఐపీ ఆర్ అని కొడితే 'డిఫాల్ట్' పక్కన రూటర్ అడ్రస్ ఉంటుంది. ఈ రెండూ ఒక కాగితం మీద రాసుకోండి.

పేర్లు పిలవడం

సుడో ఎన్‌మ్యాప్ -ఎస్ఎన్ 192.168.1.0/24

ఈ కమాండ్ పోర్టుల జోలికి పోదు, ఎవరెవరు ఉన్నారో మాత్రం అడుగుతుంది. ముందున్న సుడో (రూట్, అంటే అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) తీసేస్తే ఫలితం మారిపోతుంది. సుడోతో నడిపితే ఎన్‌మ్యాప్ సొంత వీధిలో ఏఆర్‌పీ ('ఈ అడ్రస్ ఎవరిది' అని వీధి మొత్తానికి కేకేసే పద్ధతి) ద్వారా అడుగుతుంది. ఆ వీధిలో ఉన్న వస్తువు ఏదైనా, ఫైర్‌వాల్ ఎంత గట్టిదైనా, ఏఆర్‌పీకి బదులివ్వక తప్పదు. ఇవ్వకపోతే దానికి నెట్ పనిచేయదు. సుడో లేకపోతే 80, 443 పోర్టులకి కనెక్ట్ అవ్వబోయి చూస్తుంది, ఫైర్‌వాల్ వెనక నోరు మూసుకున్నవి తప్పించుకుంటాయి. 'నా స్కాన్‌లో ఏడే వచ్చాయి, రూటర్ పేజీలో పదకొండున్నాయి' అనే ఫిర్యాదుకి ముందుగా చూడాల్సిన కారణం ఇదే. రెండోది నిద్రపోతున్న ఫోన్లు. స్క్రీన్ వెలిగించి మళ్లీ నడపండి. మూడోది గెస్ట్ వైఫై, దానిలోని వస్తువులని రూటర్ విడిగా ఉంచుతుంది.

ప్రతి అడ్రస్ కింద మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు), దాని పక్కన తయారీదారు పేరు ఉంటాయి. ఆ పేరు మ్యాక్‌లోని మొదటి మూడు బైట్ల నుంచి వస్తుంది. 'అన్‌నోన్' అని ఉంటే భయపడే ముందు మ్యాక్‌లో రెండో అక్షరం చూడండి. అది 2, 6, ఎ, ఇ లలో ఏదైనా అయితే ఆ మ్యాక్ ఫ్యాక్టరీలో ఇచ్చినది కాదు, వస్తువు తానే పెట్టుకున్న మారుపేరు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగా అలాగే చేస్తున్నాయి. ఇంటి వైఫైకి మాత్రం ఆ మారుపేరు ఆపేసి అసలు మ్యాక్ వాడమని ఫోన్ సెట్టింగ్‌లో చెప్పండి. కాపలా పని సులువవుతుంది.

ఇప్పుడు విసుగనిపించినా చేయాల్సిన పని ఒకటుంది. ఒక నోటుబుక్కులో వరుసగా మ్యాక్, వస్తువు, ఏ గదిలో ఉంది, ఎవరిది అని రాయండి. హాల్లో టీవీ, బాబాయి ఫోన్, పూజగది బయట కెమెరా. గుర్తుపట్టలేనిది ఉంటే ఒక్కో వస్తువూ ఆపుతూ మళ్లీ స్కాన్ చేయండి, ఏది ఆపినప్పుడు మాయమైందో అదే. ఆ తర్వాత రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అన్న చోట ప్రతి మ్యాక్‌కీ ఒక స్థిరమైన అడ్రస్ కట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి లేచి అడ్రస్‌ల కోసం ఎగబడతాయి, రిజర్వేషన్ లేకపోతే నిన్న టీవీకి ఉన్న నంబరు ఇవాళ ప్రింటర్‌కి రావచ్చు. అప్పుడు తేడా చూసే స్క్రిప్ట్ అనవసరంగా గోల పెడుతుంది.

పోర్టులు తట్టి చూడటం

పోర్టు అనగానే ఈ ఊళ్లో ఓడలు, క్రేన్లు గుర్తొస్తాయి. ఇక్కడి పోర్టు ఉత్త నంబరు, వస్తువులోని ఒక్కో ప్రోగ్రాంని చేరే తలుపు నంబరు, 1 నుంచి 65535 దాకా. ఎన్‌మ్యాప్ ఏమీ చెప్పకపోతే ఎక్కువగా వాడుకలో ఉన్న 1000 టీసీపీ పోర్టులే చూస్తుంది. మిగతావన్నీ చూడాలంటే '-పీ-' అని చెప్పాలి. పీ తర్వాత ఇంకో హైఫన్ ఉందని గమనించండి.

మొదట మెటాస్ప్లాయిటబుల్ మీద చేయండి. హోస్ట్-ఓన్లీ వీధిలో దానికి మామూలుగా 192.168.56.101 లేదా 102 వస్తుంది.

సుడో ఎన్‌మ్యాప్ -ఎస్ఎస్ -ఎస్‌వీ -పీ- -టీ4 -ఓఏ మెటా 192.168.56.101

ఇందులో -ఎస్‌వీలోని వీ, -టీ4లోని టీ, -ఓఏలోని ఏ పెద్ద అక్షరాలు. -ఎస్ఎస్‌లో రెండో ఎస్ కూడా పెద్దదే. -ఎస్ఎస్ కనెక్షన్ మొదలుపెట్టే కరచాలనాన్ని సగం చేసి ఆపేస్తుంది, -టీ4 వేగం పెంచుతుంది, -ఎస్‌వీ తలుపు వెనక ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ ఉందో అడుగుతుంది, -ఓఏ ఫలితాన్ని మూడు రకాల ఫైళ్లలో దాస్తుంది.

ఇరవైకి పైగా పోర్టులు తెరిచి కనిపిస్తాయి. 21 దగ్గర వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4 అని ఉంటుంది. 2011లో ఆ వెర్షన్ మూలప్రతిలోకే ఎవరో దొంగ తలుపు చొప్పించారు. అంటే వెర్షన్ నంబరు ఒక్కటి చదివినా ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది, అందుకే -ఎస్‌వీ. ఇంకా కిందికి వెళ్తే 1524 ఉంటుంది. దాని దగ్గరికి ఊరికే వెళ్లి నిలబడండి:

ఎన్‌సీ 192.168.56.101 1524

పాస్‌వర్డ్ అడగదు, పేరు అడగదు. నేరుగా రూట్ ప్రాంప్ట్ వస్తుంది. హూఅమ్ఐ అని కొడితే రూట్ అనే అంటుంది. ఈ మెషీన్‌ని బ్రిడ్జ్‌డ్‌లో పెట్టొద్దన్నది ఇందుకే.

ఇప్పుడు మీ ఇంటి రూటర్ మీద అదే కమాండ్, అడ్రస్ మాత్రం మార్చి. ఫలితంలో మూడు మాటలు ఎక్కువగా కనిపిస్తాయి. 'ఓపెన్' అంటే తలుపు వెనక ఎవరో ఉన్నారు. 'క్లోజ్డ్' అంటే ఎవరూ లేరు కానీ ఇల్లుందని జవాబొచ్చింది. 'ఫిల్టర్డ్' అంటే ఏ జవాబూ లేదు, మధ్యలో ఫైర్‌వాల్ మింగేసింది. స్కాన్ అరగంటైనా తెమలకపోతే ఫిల్టర్డ్ పోర్టులు ఎక్కువున్నాయని అర్థం. ప్రతిదానికీ బదులు కోసం ఎదురుచూసి, మళ్లీ తట్టి, అప్పుడు వదిలేస్తుంది మరి.

ఇళ్లలో ఏవి కనిపిస్తే కనుబొమ్మ ఎత్తాలో చెబుతాం. 23 టెల్నెట్: 2016లో మిరాయి అనే మాల్‌వేర్ కెమెరాలు, రూటర్లలోకి దూరింది ఈ తలుపు నుంచే, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల చిన్న జాబితా ఒకటి పట్టుకుని. రూటర్‌లోనో కెమెరాలోనో ఇది తెరిచి ఉంటే వెంటనే మూయండి. 554 అయితే కెమెరా వీడియో, లోపలి వీధిలో ఉండటం సహజమే. పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకుంటే మాత్రం కాదు. 7547 కనెక్షన్ కంపెనీ రూటర్‌ని దూరం నుంచి సర్దడానికి పెట్టుకున్నది, లోపలి వైపు కనిపిస్తే వాళ్లని అడగండి. 445 విండోస్ ఫైల్ షేరింగ్. 9100 ప్రింటర్. ఈ 9100 గురించి ఒక ముచ్చట: ఆ పోర్టుకి ఏం పంపినా ప్రింటర్ దాన్ని కాగితం మీద అచ్చేస్తుంది. అందుకే ఎన్‌మ్యాప్ వెర్షన్ అడిగేటప్పుడు దాన్ని తనంతట తానే వదిలేస్తుంది. వేరే స్కానర్లు వదలకపోవచ్చు, అర్ధరాత్రి ప్రింటర్ పిచ్చి గీతలు కక్కితే దెయ్యం కాదు.

యూడీపీ (ముందు కరచాలనం లేకుండానే డేటా పంపే పద్ధతి) సంగతి వేరు. లినక్స్ వస్తువులు 'ఇక్కడెవరూ లేరు' అనే జవాబుని సెకనుకి ఒక్కటి చొప్పునే ఇస్తాయి, అన్ని పోర్టులూ చూడాలంటే 18 గంటలు దాటుతుంది. ముఖ్యమైన ఇరవైతో సరిపెట్టుకోండి:

సుడో ఎన్‌మ్యాప్ -ఎస్‌యూ --టాప్-పోర్ట్స్ 20 192.168.1.1

యూ పెద్దది. 1900 కనిపిస్తే యూపీఎన్‌పీ నడుస్తోందని అర్థం. లోపలి వస్తువు ఏదైనా రూటర్‌ని అడిగి బయటికి తలుపు తెరిపించుకోగలదు. ఆన్‌లైన్ గేమ్ కోసం తప్పనిసరైతే తప్ప ఆపేయడమే మా సలహా.

మీ మెషీన్ సంగతేమిటి?

సుడో ఎస్ఎస్ -టీయూఎల్‌పీఎన్

మీ లినక్స్‌లో ఏ ప్రోగ్రాం ఏ పోర్టు మీద చెవి పెట్టి ఉందో ఇది చెబుతుంది. అడ్రస్ 127.0.0.1 అయితే ఇంటి లోపలి మాట, బయటికి వినబడదు. 0.0.0.0 లేదా నక్షత్రం గుర్తు అయితే వీధి మొత్తానికి తెరిచినట్టు. చదువు కోసం పెట్టిన డేటాబేస్ 0.0.0.0 మీద ఉండిపోవడం చాలా మామూలు తప్పు. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ వేశాం కదా అని ధీమాగా ఉండకండి, డాకర్ (ప్రోగ్రాంలని విడి డబ్బాల్లో నడిపే సాధనం)తో బయటపెట్టిన పోర్టులు దాన్ని దాటుకునే పోతాయి.

తీగలో ఏం ప్రవహిస్తోంది

నెట్‌వర్క్‌లో వచ్చీపోయే డేటా పొట్లాలని (ప్యాకెట్లని) పట్టి చూపించే టీసీపీడంప్ 1988 నుంచి ఉంది, లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌లో పుట్టింది. ఇప్పటికీ దీన్ని మించిన సూటి పనిముట్టు లేదు. దీని విలువ తెలియాలంటే రెండు టెర్మినళ్లు తెరవండి. మొదటిదానిలో

సుడో టీసీపీడంప్ -ఐ ఈఎన్‌పీ0ఎస్8 -ఎన్ -ఏ పోర్ట్ 21

ఏ పెద్దది. ఈఎన్‌పీ0ఎస్8 అన్నది హోస్ట్-ఓన్లీ అడాప్టర్ పేరు. రెండోదానిలో ఎఫ్‌టీపీ 192.168.56.101 అని కొట్టి (ఎఫ్‌టీపీ అంటే ఫైళ్లు పంపుకునే పాత పద్ధతి) లాగిన్ అవ్వండి. మొదటి టెర్మినల్‌లో అక్షరాలు పరిగెడతాయి, మధ్యలో యూజర్ అనే మాట పక్కన పేరు, ఇంకొన్ని పొట్లాల తర్వాత పాస్ అనే మాట పక్కన మీరు కొట్టిన పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపిస్తాయి. ఎఫ్‌టీపీ వాడొద్దని పదిమంది చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క వరుస చూస్తే ఎక్కుతుంది.

అదే మెషీన్‌లోకి ఎస్ఎస్‌హెచ్ (మాటల్ని రహస్య లిపిలో పంపే రిమోట్ లాగిన్)తో వెళ్లి, పోర్ట్ 22 అని మార్చి చూడండి, గజిబిజి తప్ప ఏమీ అందదు. కొత్త ఎస్ఎస్‌హెచ్ ఈ పాత మెషీన్‌ని చూసి 'నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్' అని మొహం తిప్పుకోవచ్చు. 2021లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 8.8 నుంచి పాత ఆర్ఎస్ఏ సంతకాన్ని ఒప్పుకోవడం మానేశారు. ల్యాబ్ మెషీన్ వరకే ఇలా దాటండి:

ఎస్ఎస్‌హెచ్ -ఓ హోస్ట్‌కీఆల్గరిథమ్స్=+ఎస్ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ ఎంఎస్ఎఫ్అడ్మిన్@192.168.56.101

టీసీపీడంప్‌తో ఇంట్లో టీవీ ఎక్కడెక్కడికి మాట్లాడుతోందో చూడాలని ప్రయత్నించి, ఏమీ రాక నిరాశపడతారు చాలామంది. లోపం మీది కాదు. టీవీకి వెళ్లే పొట్లాలు రూటర్ నేరుగా టీవీకే ఇస్తుంది, మీ తీగలోకి రావు. మీకు అందేవి మీ సొంత మాటలు, అందరికీ కేకేసి చెప్పే బ్రాడ్‌కాస్ట్‌లు మాత్రమే. టీవీ గుట్టు కావాలంటే రూటర్ మీదే పట్టుకోవాలి, లేదా పోర్ట్ మిర్రరింగ్ ఉన్న స్విచ్ కావాలి.

ఫైల్‌లోకి రాయించేటప్పుడు -డబ్ల్యూ వాడి, పేరు చివర .పీక్యాప్ పెట్టండి, /టీఎంపీ ఫోల్డర్‌లో రాయించండి. కొన్ని లినక్స్‌లలో టీసీపీడంప్ మొదలవగానే రూట్ హక్కులు వదిలేసి మామూలు యూజర్ అయిపోతుంది, అందుకే సుడో కొట్టినా 'పర్మిషన్ డినైడ్' అంటుంది. -సీ 500 అని ఒక పరిమితి కూడా పెట్టండి. మర్చిపోయి పడుకుంటే తెల్లారేసరికి డిస్క్ నిండిపోతుంది.

తేడా చెప్పే స్క్రిప్ట్

ముందు చోటు సిద్ధం చేయండి: సుడో ఎంకేడీఐఆర్ /వీఏఆర్/ఎల్ఐబీ/కాపలా. కాపలా, కొత్త, పాత, తేడా అన్న పేర్లు మీకు నచ్చిన ఆంగ్ల స్పెల్లింగ్‌లో రాసుకోండి, అన్ని చోట్లా ఒకేలా ఉంటే చాలు. తర్వాత సుడో నానో /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్/కాపలా అని తెరిచి ఇవి కొట్టండి:

#!/బిన్/బ్యాష్
సెట్ -యూ
యూమాస్క్ 077
సీడీ /వీఏఆర్/ఎల్ఐబీ/కాపలా || ఎగ్జిట్ 1
ఎన్‌మ్యాప్ -ఎస్ఎస్ -టీ4 -ఓఎక్స్ కొత్త.ఎక్స్ఎంఎల్ 192.168.1.0/24 > /డెవ్/నల్ || ఎగ్జిట్ 1
ఇఫ్ [ ! -ఎఫ్ పాత.ఎక్స్ఎంఎల్ ]; దెన్
సీపీ కొత్త.ఎక్స్ఎంఎల్ పాత.ఎక్స్ఎంఎల్
ఎగ్జిట్ 0
ఎఫ్ఐ
ఎన్‌డిఫ్ పాత.ఎక్స్ఎంఎల్ కొత్త.ఎక్స్ఎంఎల్ > తేడా.టీఎక్స్‌టీ
ఆర్‌సీ=$?
[ $ఆర్‌సీ -ఈక్యూ 1 ] && సీపీ తేడా.టీఎక్స్‌టీ తేడా-$(డేట్ +%ఎఫ్-%హెచ్%ఎం).టీఎక్స్‌టీ

-ఎస్ఎస్‌లో రెండో ఎస్, -టీ4లో టీ, -ఓఎక్స్‌లో ఎక్స్ పెద్దవి. చివరి వరుసలో శాతం గుర్తు తర్వాతి ఎఫ్, హెచ్, ఎం కూడా పెద్దవే. సేవ్ చేశాక సుడో సీహెచ్‌మాడ్ 700 /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్/కాపలా అని కొట్టండి. రూట్ నడిపే స్క్రిప్ట్‌ని వేరే యూజర్ మార్చగలిగితే ఆ మెషీన్‌ని వాడి చేతికిచ్చినట్టే.

పైన సెట్ -ఈ వాడలేదు, అది మరుపు కాదు. రెండు స్కాన్ ఫలితాలని పోల్చే ఎన్‌డిఫ్, తేడా లేకపోతే 0, తేడా ఉంటే 1, తానే పొరపాటు పడితే 2 తిప్పి ఇస్తుంది. సెట్ -ఈ ఉంటే 1 రాగానే బ్యాష్ దాన్ని తప్పు అనుకుని స్క్రిప్ట్ ఆపేస్తుంది. అంటే సరిగ్గా తేడా దొరికిన రోజే కాపలాదారు నిద్రపోతాడు. ఇంటర్నెట్‌లో ప్రతి స్క్రిప్ట్ మొదటా కళ్లు మూసుకుని దాన్ని అతికించేవాళ్లు ఈ గోతిలో పడతారు. తేడా ఫైల్‌లో పై రెండు వరుసల్లో స్కాన్ తేదీలు ఎప్పుడూ వేరుగానే ఉంటాయి, అవి తేడా కింద లెక్క కాదు. అందుకే ఫైల్ ఖాళీగా ఉందా అని కాకుండా ఆర్‌సీ చూస్తున్నాం.

'పాత' ఫైల్‌ని స్క్రిప్ట్ తనంతట తాను మార్చదు. రోజూ కొత్తదాన్ని పాతదిగా మారిస్తే, దొంగ వస్తువు ఒక్క రాత్రి తేడాగా కనిపించి మర్నాటి నుంచి ఇంటి మనిషైపోతుంది. తేడా చదివి, కారణం తెలిసి, నోటుబుక్కులో రాశాకే మీ చేత్తో సీపీ కొట్టండి. స్క్రిప్ట్‌లో -ఎస్‌వీ లేకపోవడానికి కూడా కారణం ఉంది. వెర్షన్ జవాబులు ఒక్కోసారి వస్తాయి, ఒక్కోసారి రావు, ఉత్త చప్పుడు. దాన్ని వారానికోసారి చేత్తో నడపండి.

సమయం: చెప్పిన వేళకి కమాండ్లు నడిపేది క్రాన్. దాని జాబితాని సుడో క్రాన్‌ట్యాబ్ -ఈ అని తెరిచి

30 21 * * * /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్/కాపలా

రాత్రి తొమ్మిదిన్నరకి అందరూ ఇంట్లో ఉంటారు, ఫోన్లు చేతుల్లో మెలకువగా ఉంటాయి. అర్ధరాత్రి రెండింటికి పెడితే సగం ఫోన్లు నిద్రలో ఉండి 'మాయమైంది' అని రోజూ తప్పుడు కబురు వస్తుంది. ఆ సమయానికి లాప్‌టాప్ ఆపి ఉంటే క్రాన్ ఆ రోజుని వదిలేస్తుంది. దానికి సిస్టమ్‌డీ టైమర్‌లో పర్సిస్టెంట్=ట్రూ వాడాలి, అందులో మొదటి పీ పెద్దది.

పనిచేయకపోతే ఈ వరుసలో వెతకండి. 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని చివర టోపీ గుర్తుతో పెద్ద ఎం కనిపిస్తే ఫైల్‌ని విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసినట్టు. ఎస్ఈడీ -ఐ 'ఎస్/\ఆర్$//' పెట్టి ఫైల్ పేరిస్తే సరిపోతుంది. వాట్సాప్ నుంచో పీడీఎఫ్ నుంచో కాపీ చేస్తే హైఫన్ బదులు పొడుగు గీత, మామూలు కోట్ల బదులు వంపు కోట్లు వచ్చి ఉంటాయి. చూపుకి ఒకటే, బ్యాష్‌కి కాదు. చేత్తో కొట్టండి. చదరపు బ్రాకెట్లకి లోపలి వైపు ఖాళీ తప్పనిసరి. డేట్ కమాండ్‌ని స్క్రిప్ట్‌లో కాకుండా నేరుగా క్రాన్‌ట్యాబ్‌లో రాస్తే, అక్కడ శాతం గుర్తుకి కొత్త వరుస అని అర్థం, దాని ముందు వెనక-గీత (బ్యాక్‌స్లాష్) పెట్టకపోతే కమాండ్ మధ్యలోనే తెగుతుంది. చేత్తో నడిపితే నడిచి, క్రాన్‌లో నడవని స్క్రిప్ట్‌లకి మరో కారణం పాత్, అంటే కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా. క్రాన్ సాధారణంగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే చూస్తుంది. ఎస్‌బిన్‌లో ఉన్న కమాండ్లకి పూర్తి దారి రాయాలి.

తేడా వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ప్లస్ గుర్తుతో కొత్త వస్తువు వస్తే ముందు ఇంట్లో అడగండి. చుట్టం ఫోన్, కొత్త బల్బు, పక్క గది కుర్రాడి టాబ్లెట్ చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. ఎవరిదీ కాకపోతే రూటర్‌లో వైఫై పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (బటన్‌తోనో పిన్ నంబరుతోనో వైఫైకి కలిపే సదుపాయం) ఆపండి, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా వేరేది పెట్టండి. మ్యాక్ బ్లాక్ చేయడం ఒక్కటే సరిపోదు, అది మార్చుకోవడం క్షణం పని.

పాత వస్తువులో కొత్త పోర్టు తెరుచుకుంటే అది ఇంకా ఆసక్తికరం. -ఎస్‌వీ -పీ పెట్టి ఆ ఒక్క పోర్టునీ అడగండి. టీవీ, సెట్‌టాప్ బాక్స్ అప్‌డేట్ అయ్యాక కొత్త పోర్టులు రావడం ఉంటుంది, ఆ రోజు అప్‌డేట్ జరిగిందేమో మెనూలో చూడండి. కెమెరాలో 23 కొత్తగా తెరుచుకుంటే ఆగకండి: కేబుల్ పీకి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించి, పాస్‌వర్డ్ మార్చాకే మళ్లీ తగిలించండి. రీసెట్‌కి ముందు తగిలిస్తే పాత పాస్‌వర్డ్‌తో మళ్లీ దూరేస్తారు.

ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్‌ల పద్ధతి) ఉన్న కనెక్షన్లలో మరో పరీక్ష మిగిలింది. అక్కడ ప్రతి వస్తువుకీ ప్రపంచమంతా చేరగల సొంత అడ్రస్ ఉంటుంది, అడ్డుగా నిలిచేది రూటర్ ఫైర్‌వాల్ ఒక్కటే. కెమెరా ఐపీవీ6 అడ్రస్ రాసుకుని, లాప్‌టాప్‌ని ఫోన్ మొబైల్ డేటా హాట్‌స్పాట్‌కి మార్చి

సుడో ఎన్‌మ్యాప్ -6 -పీఎన్ -పీ 23,80,443,554

అని కొట్టి, చివర ఆ అడ్రస్ ఇవ్వండి. -పీఎన్‌లో పీ పెద్దది, తర్వాతి -పీ చిన్నది. అన్నీ ఫిల్టర్డ్ అని వస్తే రూటర్ అడ్డుగా ఉన్నట్టే లెక్క, అయితే మొబైల్ నెట్‌వర్క్ వైపే ఎవరైనా ఆపుతూ ఉండొచ్చు కాబట్టి వేరే కంపెనీ సిమ్‌తో ఇంకోసారి చూడండి. ఒక్కటి ఓపెన్ వచ్చినా రూటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసి, ఆన్ చేసి, మళ్లీ అదే కమాండ్ నడపండి.